పప్పన్నం సరే... అందులో పప్పెంత?

‘‘మా వాడు పప్పన్నం, పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడండీ. ఇలాగైతే ఎదుగుతాడా?’’ పిల్లల డాక్టర్ల దగ్గర తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఇది. జవాబు చెప్పడానికి ఇంట్లోనే ఇద్దరు సిద్ధంగా ఉంటారు. ఒకరు నానమ్మ. ‘‘మేమంతా అదే తిని పెరగలేదా?’’ అంటుంది. రెండోది చేతిలోని ఫోను. ‘‘అన్నమంటే చక్కెరే, వెంటనే మానిపించండి’’ అంటుంది. నా మటుకు నాకు నానమ్మ వైపే మొగ్గు. కాకపోతే ఆమె మాటను కూడా కాస్త గిచ్చి చూడాలి. ఆమె కాలంలో పళ్లెంలోకి వచ్చిన పప్పన్నమూ, ఇవాళ మనం కలిపి పెడుతున్న పప్పన్నమూ ఒకటేనా? పైగా ఆ తరం పిల్లలందరూ ఆరోగ్యంగా పెరిగారన్నదీ నిజం కాదు. రేచీకటితో కళ్లు పోగొట్టుకునే పిల్లలు అప్పట్లో ఎందరో ఉండబట్టే 1970లో దేశమంతటా విటమిన్ ఎ చుక్కలు వేయడం మొదలైంది. పెరిగినవాళ్లే ఇవాళ మనకు కథ చెబుతున్నారు. పెరగనివాళ్లు చెప్పలేరు కదా.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఉప్పాడను మించిన ఊరు లేదనిపిస్తుంది. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వెళితే ఒక పక్క రోడ్డునూ ఇళ్లనూ కోసుకుంటూ వస్తున్న సముద్రం, ఇంకో పక్క 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన జాందానీ చీరలు నేసే మగ్గాలు. వేట మీద బతికే ఇళ్లు, నేత మీద బతికే ఇళ్లు, కాకినాడకో పిఠాపురానికో ఉద్యోగానికి వెళ్లొచ్చే ఇళ్లు అన్నీ అక్కడక్కడే ఉంటాయి. ఒక ఇంట్లో పిల్లాడికి ప్రాణం నిమ్మళించే ముద్ద అంటే ముద్దపప్పూ నెయ్యీ. ఇంకో ఇంట్లో నెత్తళ్ల పులుసూ వేడన్నమూ. మరో ఇంట్లో చారన్నం, అప్పడం. పొద్దున్న మినపరొట్టె, సాయంత్రం అటుకులు. ఒంట్లో బాగోకపోతే చోడి జావ. ఇవేవీ వంటల పోటీలకు పంపే వంటకాలు కావు. అయినా పిల్లలు ఎదిగింది వీటి మీదే. అందుకే ‘సాదా తిండి మంచిదా, చెడ్డదా’ అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. ఏ సాదా తిండి? ఎంత? దాని పక్కన ఏముంది? అడగాల్సినవి ఇవీ.

ముందు పప్పన్నం లెక్క చూద్దాం. ఐదేళ్ల పిల్లాడికి ఓ యాభై గ్రాముల బియ్యం వండితే చిన్న గిన్నెడు అన్నం అవుతుంది. అందులో రెండు పెద్ద చెంచాల పప్పు, అంటే పచ్చి కందిపప్పు లెక్కలో దాదాపు 10 గ్రాములు. పైన చెంచాడు నెయ్యి. ఈ ముద్దలో ప్రొటీన్ 6 గ్రాముల దాకా ఉంటుంది. అందులో నాలుగు బియ్యం నుంచి వచ్చినవే, రెండే పప్పువి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 16 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే ఇలాంటి పళ్లేలు మూడు ఖాళీ చేస్తే ఆ అంకె దాటిపోతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను బియ్యం భర్తీ చేస్తుంది. ఈ రెంటినీ జత కలిపిన పెద్దవాళ్లకు ఆ పేర్లు తెలియకపోవచ్చు గానీ, జోడీ మాత్రం సరిగ్గానే కుదిర్చారు.

ఇక్కడితో ఆగితే నానమ్మ గెలిచినట్టే. కానీ అదే పళ్లెంలో ఇనుము ఎంతో చూడండి. ఆ వయసు పిల్లలకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు ముప్పాతిక మిల్లీగ్రాము కూడా ఉండదు. కందిపప్పులో 4 మిల్లీగ్రాముల దాకా ఉన్నా మనం వేసేది పది గ్రాములే. మొత్తం పళ్లేనికి ముప్పాతిక మిల్లీగ్రాము. మూడు పూటలా తింటే రెండుకు కాస్త పైన. ఇక పెరుగన్నంలో కాల్షియం బాగానే ఉంటుంది గానీ ఇనుము లేదనే చెప్పాలి.

మన కంగారు మాత్రం ఎప్పుడూ ప్రొటీన్ గురించే. టీవీలో, ఫోనులో, మందుల షాపు అద్దాల బీరువాలో అంతా ప్రొటీన్ డబ్బాలే. పాలలో కలిపే ఆ పొడుల్లో చక్కెర ఎంతుందో డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే ఇలాంటి వాటిని ‘హెల్త్ డ్రింక్’ వరుసలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పాల్సి వచ్చింది. లోటు ఉన్నది ఒకచోట, మనం డబ్బు పోస్తున్నది ఇంకోచోట.

ఆ లోటు ఎంత పెద్దదో చెప్పే అంకె ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు సర్వేలో ఇది 59 దగ్గర ఉండేది. తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇది ఏ మారుమూల గూడేల లెక్కో అనుకుని ఊరుకోవడానికి లేదు. నూటికి 63 అంటే మన వీధి కూడా అందులో ఉంది. రక్తం తక్కువైన పిల్లాడు మంచాన పడడు. బడికి వెళతాడు, ఆడతాడు. కాకపోతే తొందరగా అలిసిపోతాడు, విసుగ్గా ఉంటాడు, చెప్పింది మనసుకు ఎక్కదు, ఆకలీ తగ్గుతుంది. ఆకలి లేని పిల్లాడు ఇంకా సాదా తిండే అడుగుతాడు. అమ్మేమో ‘‘కనీసం పెరుగన్నమైనా తిన్నాడు’’ అని ఊపిరి పీల్చుకుంటుంది. అలా చుట్టు తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో పాల పాత్ర కూడా ఉంది. అన్నం తినలేదని గ్లాసుడు పాలు, పడుకునే ముందు ఇంకో గ్లాసుడు, మధ్యలో బిస్కెట్లు ముంచుకోవడానికి మరికొన్ని. పాలతో కడుపు నిండిన పిల్లాడికి ఇంక ముద్ద ఎక్కడ దిగుతుంది? పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా అందులోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా కొంత అడ్డుకుంటుంది. ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరు మించకుండా చూసుకుంటే చాలు. ఈ మాట చెబితే చాలా ఇళ్లలో నొచ్చుకుంటారు. గేదెపాలు పోసి పెంచడమే గొప్ప అనుకున్న గోదావరి జిల్లాల్లో మరీనూ.

మళ్లీ ఉప్పాడకు వద్దాం. అక్కడి రేవులో దిగే చేపల్లో వంజరం, చందువ లాంటివి ఐసు పెట్టెల్లో ఊళ్లు దాటి వెళతాయి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు లాంటివి తక్కువ ధరకు ఊళ్లోనే అమ్ముడవుతాయి. పిల్లల పళ్లెం మాటకొస్తే ఆ చవక చేపలే నా దృష్టిలో ఎక్కువ విలువైనవి. చేపలోని ఇనుము సులువుగా ఒంటికి పడుతుంది. అంతకంటే ముఖ్యం, పళ్లెంలో చేప ముక్క ఉంటే పక్కనున్న అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును కూడా ఒళ్లు ఎక్కువగా తీసుకుంటుంది. నెత్తళ్లను ముల్లుతో సహా నమిలేస్తారు కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. మెదడు ఎదుగుదలకు కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు కవళ్లు, కానాగంతల్లో మెండు. సొర లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకునే అవకాశం ఎక్కువ, చిన్న చేపల్లో ఆ బెడద తక్కువ. ఇన్ని సుగుణాలున్న చేప చవగ్గా దొరుకుతుంటే దాన్ని చిన్నచూపు చూసే పాడలవాటు మనకెందుకో!

ఎందుకో నాకు తెలుసు. వాసన. నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఇంట్లో నెత్తళ్లు వండితే పక్క వాటావాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ. ఇక బడి డబ్బాలో చేప మాటే లేదు. కొన్ని ప్రైవేటు బడుల్లో గుడ్డు కూడా తేవద్దంటారు. పక్క పిల్లాడు ముక్కు మూసుకుంటే మనవాడు ఇంటికొచ్చి ‘‘అమ్మా, ఇంకెప్పుడూ అది పెట్టకు’’ అంటాడు. అమ్మ పెట్టదు. ఆ మర్నాటి నుంచి నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, వారానికో రోజు నూడుల్స్. తరాలుగా తీరం పిల్లల్ని పెంచిన తిండి ఒక్క ముక్కుమూతతో డబ్బాలోంచి బయటికి పోయింది. వాసన గురించి నవ్వడం పిల్లతనమే, కానీ దాన్ని నిబంధనగా మార్చడం పెద్దల పని. ఒకరి ఇంటి తిండి ఇంకొకరికి రోతగా కనిపించకూడదని నేర్పాల్సిన చోటు బడే కదా.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, మధ్యతరగతి అమ్మానాన్నలకు కాస్త గుచ్చుకున్నా సరే. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. లంకల గన్నవరంలో ఆకలని వచ్చినవారికి వేళాపాళా చూడకుండా వండి పెట్టి, 1909లో కన్నుమూసిన మన గోదావరి తల్లి ఆమె. ఆ భోజనంలో అన్నం, కూర, పప్పులతో పాటు కోడిగుడ్డు, పల్లీ చిక్కీ, రాగిజావ ఉంటాయి. వంట ఎక్కడ ఎలా ఉంటుందన్న ఫిర్యాదులు వేరే సంగతి. పట్టిక వరకే చూస్తే, వేలకు వేలు ఫీజు కట్టి పంపుతున్న మన పిల్లాడి స్టీలు డబ్బాలోని నిమ్మకాయ పులిహోర కంటే అది మెరుగు. ఫీజుకూ పోషణకూ సంబంధం లేదు.

అలాగని కొత్తగా వచ్చిన సాదా తిండినీ పాతదాన్నీ ఒకే గాటన కట్టను. రెండు నిమిషాల నూడుల్స్, బ్రెడ్డు జాము, పాలలో ముంచిన బిస్కెట్టు. ఇవీ పిల్లలకు ప్రాణమే, ఇవీ అమ్మకు సులువే. కాకపోతే పప్పన్నానికి ఆకుకూర చేరిస్తే పూర్తి భోజనమవుతుంది, బిస్కెట్టుకు ఏం చేరిస్తే అవుతుంది? నూడుల్స్‌లో మైదా, నూనె, మసాలా పొట్లంలోని ఉప్పు. చెప్పుకోదగ్గ పోషకం ఇంకోటి లేదు. నెలకోసారి తింటే కొంప మునగదు. రోజూ సాయంత్రం తింటే మాత్రం రాత్రి అన్నం ఆకలిని అది మింగేస్తుంది.

మరేం చేయాలి? ఇష్టమైన ముద్దను మానిపించనక్కర్లేదు. అసలు మానిపించకూడదు కూడా. రోజంతా బడిలో నలిగి వచ్చిన పిల్లాడికి తెలిసిన రుచి ఒక భరోసా. దాన్ని లాగేసి కొత్తదాన్ని నోట్లో కుక్కితే రెంటినీ అసహ్యించుకుంటాడు. కొత్త రుచి అలవాటు కావడానికి పదీ పదిహేను సార్లు ముందు పెట్టాల్సి రావచ్చు. మనం మూడోసారికే ‘‘వీడికి ఇది పడదు’’ అని తీర్మానించేస్తాం. అందుకని ముద్దను అలాగే ఉంచి లోపలి పాళ్లు మార్చడమే దారి.

పప్పును పెంచండి. ఇది అన్నిటికంటే తేలిక. రోజంతా తినే తిండి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన పళ్లేల్లో అది చాలా ఎక్కువ. అన్నం మీద పప్పు చిలకరించడం కాదు, అన్నం మూడు పాళ్లయితే పప్పు రెండు పాళ్లు ఉండాలి. పప్పుచారు పోసేవారైతే పైన తేట కాకుండా అడుగు నుంచి గరిటె తిప్పి పోయండి. ముద్దపప్పును వారంలో నాలుగు రోజులు తోటకూర పప్పుగా, మునగాకు పప్పుగా మార్చండి. ఆకు కనిపిస్తే ఏరి పారేసే పిల్లలైతే మొదట్లో మెత్తగా ఎనిపి కలిపేయండి. చివర నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని విటమిన్ సి వల్ల ఇనుము ఒంటికి పడుతుంది. కూరలు ఇనప మూకుడులో చేస్తే ఇంకొంచెం లాభం. నెయ్యి చెంచాడు చాలు. చిన్న పొట్టకు తక్కువ పరిమాణంలో శక్తి అందుతుంది కాబట్టి అది పిల్లలకు మంచిదే, కానీ నెయ్యి ఎక్కువ వేస్తే పప్పు తక్కువైన లోటు తీరదు.

మినపరొట్టె చేసుకునే అలవాటు మన గోదావరి వైపు ఎలాగూ ఉంది. పొట్టు మినప్పప్పుతో చేసి పక్కన కొబ్బరి పచ్చడి పెడితే పొద్దున్నకు అంతకు మించింది అక్కర్లేదు. అటుకుల్లో బియ్యం కంటే ఇనుము చాలా ఎక్కువ. పల్లీలు, కరివేపాకు వేసి నిమ్మకాయ పిండితే పది నిమిషాల్లో సాయంత్రపు తిండి. శాకాహార ఇళ్లలో పెసలు, ఉలవలు, సున్నుండలు ఉండనే ఉన్నాయి. గుడ్డు తినే ఇంట్లో రోజుకొకటి పెట్టొచ్చు. చోడి జావలో కాల్షియం మెండు. కాకపోతే అందులో ఐదారు చెంచాల చక్కెర వేసి ‘‘మా పిల్లాడు జావ బాగా తాగుతాడు’’ అంటే లాభం లేదు.

బెల్లం గురించి ఒక మాట. బెల్లం ముక్క తింటే రక్తం పడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. పది గ్రాముల బెల్లంలో ఇనుము అర మిల్లీగ్రాముకు మించదు. మిగతాదంతా తీపి. చద్దన్నం మీద కూడా ఈ మధ్య వింత ప్రచారాలు తిరుగుతున్నాయి, రాత్రికి రాత్రి అందులో ఇనుము పదింతలు, ఇరవై ఇంతలు అవుతుందని. పులిస్తే ఇనుము పుట్టదు. ఉన్న ఇనుమును కట్టిపడేసే ఫైటేట్లు కొంత తగ్గి, ఒంటికి పట్టడం మెరుగవుతుంది, అంతే. అదీ తక్కువ సంగతేం కాదు. కానీ ఉక్కపోతగా ఉండే తీరంలో అన్నాన్ని రాత్రంతా మూత తీసి వదిలేస్తే చెడ్డ సూక్ష్మజీవులూ పెరుగుతాయి. శుభ్రమైన గిన్నెలో, మజ్జిగ చుక్క వేసి, మర్నాడు పొద్దున్నే తినేయాలి. వాసన తేడాగా ఉంటే పారబోయాలి, పిల్లలకు పెట్టి చూడకూడదు.

సాదా తిండి నిజంగా మహారాజులా నిలబడేది పిల్లాడికి ఒంట్లో బాగోనప్పుడు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో మెత్తటి పెరుగన్నం, పలచటి పప్పన్నం, జావ... ఇంతకంటే మంచివి లేవు. పస్తు పెట్టకూడదు. అసలు చాలామంది మరిచేది తర్వాతి రెండు వారాలు. తగ్గిపోయింది కదా అని మామూలుగా వదిలేస్తారు. విరేచనాలు తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట తిండి అదనంగా పెడితేనే పోయిన బరువు తిరిగొస్తుంది. ఆ అదనపు పూటకు పిల్లాడు ఏది ఇష్టంగా తింటే అది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఉప్పాడ రేవులో తాజా చేప బాగా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఆదుకునేది ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలే. ఇసుకలో కాకుండా బల్లల మీదో వలల మీదో ఆరబెట్టినవి చూసి కొనండి. వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే ఉప్పు చాలావరకు పోతుంది. వంకాయలోనో తోటకూరలోనో గుప్పెడు వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. వారానికి ఒకటి రెండు సార్లు చాలు, రోజూ వద్దు. చిన్నపిల్లలకైతే మెత్తగా పొడిచేసి అన్నంలో కలపాలి, ముల్లు గొంతులో పడకుండా.

ఇదంతా రక్తం తక్కువ కాకుండా చూసుకోవడానికి. ఇప్పటికే తక్కువైతే తిండి ఒక్కటే చాలదు. మీ పిల్లాడి కనురెప్పల లోపల, అరచేతుల్లో పాలిపోయినట్టుంటే, మట్టి, బియ్యం, బలపాలు తింటుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ మందు ఎంత, ఎన్నాళ్లు వాడాలో డాక్టరు చెబుతారు. ఐదేళ్ల లోపు వారికి వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్, ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మాత్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ‘అది పేదపిల్లలకు’ అనుకుని మన వీధుల్లో వదిలేసేవారు ఎక్కువ. అంగన్‌వాడీలో అడిగి తీసుకోండి. సిరప్‌ను పాలతో కాకుండా నిమ్మరసం నీళ్లతో పట్టండి. రెండు మూడు రోజులు విరేచనం నల్లగా వస్తే కంగారు పడి మానేయకండి, ఆ మందుకు అది మామూలే.